దక్షిణ ఫ్రాన్స్ సముద్రతీరం: రాత్రి టెంటు, పగలు రోమన్ కట్టడాలు. అమ్మతో, పిల్లలతో కుదిరే పనేనా?

కందిపొడి (స్టుట్‌గార్ట్), మార్చి 8

నమస్తే అండీ. మేం ఐదుగురం. నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప, మే నెలలో రాజమండ్రి నుంచి వస్తున్న మా అమ్మ. పెంతెకొస్తు సెలవుల్లో పది రోజులు కారేసుకుని దక్షిణ ఫ్రాన్స్ సముద్రతీరానికి పోదామని ఆలోచన. మావాడికి స్కూల్లో రోమన్ల పాఠం నడుస్తోంది, పోన్ దు గార్ వంతెన చూడాలని ఒకటే గొడవ. పాపకి ఇసుక, నీళ్ళు ఉంటే చాలు. మా ఆవిడకి పది రోజులు బయటి తిండి అంటే భయం. నాకు హోటల్ బిల్లంటే భయం. అన్నీ కూడితే క్యాంపింగే అని తేలింది.

అమ్మకి 66, మోకాళ్ళ నొప్పులు. టెంటులో కింద పడుకుని లేవగలదా? ఒకేచోట ఉండి అన్నీ చూసి రావచ్చా, లేక చోట్లు మారాలా? వంట సంగతేంటి? మేం ఇంతకుముందు టెంటు వేసింది ఒక్కసారే. బ్లాక్ ఫారెస్టులో, అదీ వానలో.

అరటితొక్క, మార్చి 8

రాజమండ్రి నుంచి అంత దూరం వచ్చిన అమ్మగారిని నేలమీద పడుకోబెడతారా? హోటల్ తీసుకోండి బాబూ, పుణ్యముంటుంది.

హాలండ్‌కోడలు (ఐండ్‌హోవెన్), మార్చి 9

తొక్క గారూ, క్యాంపింగ్ అంటే నేలమీద పడకే అని మీకెవరు చెప్పారు? మేం తొమ్మిది వేసవులుగా ఆ తీరానికే పోతున్నాం. ఒకసారి మా అత్తగారిని కూడా తీసుకెళ్ళాను.

కందిపొడి గారూ, అక్కడి క్యాంప్ సైట్లలో రెండు రకాలుంటాయి. ఒకటి ఖాళీ స్థలం, మన టెంటు మనం వేసుకోవాలి. రెండోది మొబైల్ హోమ్. పేరుకి చక్రాల బండేగానీ ఎక్కడికీ కదలదు. రెండు గదులు, చిన్న వంటిల్లు, లోపలే బాత్రూం, ముందు చెక్క వరండా. అమ్మగారికి అదే నయం. అర్ధరాత్రి బాత్రూం కోసం టార్చిలైటు పట్టుకుని వంద గజాలు నడిచే పని ఉండదు. కాకపోతే వరండా మెట్లు రెండు మూడు ఉంటాయి, పట్టుకోవడానికి కమ్మీ ఉందో లేదో ఫొటోలో చూసుకోండి. సరదా తీరాలంటే మీరూ అబ్బాయీ పక్కన చిన్న టెంటు వేసుకోండి. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, ముందే అడగాలి.

దుప్పట్లు, తువ్వాళ్ళు చాలాచోట్ల మనవే. ఖాళీ స్థలం తీసుకుంటే టాయిలెట్ పేపరు కూడా మనదే. మొదటిసారి ఇది తెలియక మా ఆయన పడ్డ అవస్థ ఇక్కడ రాయను.

ఇంకోటి, నవ్వకండి. ఫ్రాన్స్‌లో చాలా క్యాంప్ సైట్ల స్విమ్మింగ్ పూల్లోకి మగవాళ్ళని మోకాళ్ళ దాకా ఉండే వదులు నిక్కర్లతో దిగనివ్వరు. ఒంటికి అతుక్కునే స్విమ్మింగ్ డ్రాయరే వేసుకోవాలి. బయట తిరిగిన నిక్కరుతోనే నీళ్ళలోకి దిగితే నీళ్ళు పాడవుతాయని వాళ్ళ లెక్క. మీకూ అబ్బాయికీ చెరొకటి కొనిపెట్టుకోండి, లేదంటే గట్టుమీద కూర్చుని చూడాల్సిందే.

పాతరాళ్ళు (లియాన్), మార్చి 9

మీ అబ్బాయి నాకు నచ్చాడు. చరిత్ర సంగతి నాకొదిలేయండి.

పోన్ దు గార్ నిజానికి వంతెన కాదు, నీళ్ళ కాలువ. యుజెస్ దగ్గరి ఊటల నుంచి నీమ్ నగరానికి సుమారు 50 కిలోమీటర్లు నీళ్ళు తెచ్చారు, క్రీ.శ. మొదటి శతాబ్దంలో. అంత పొడవునా వాలు మొత్తం కలిపి 12 మీటర్ల చిల్లరే! అంటే కిలోమీటరుకి సగటున పాతిక సెంటీమీటర్లు. పంపు లేదు, మోటారు లేదు, నీళ్ళు వాటంతట అవే నడవాలి. మధ్యలో గార్దోన్ నది అడ్డం వస్తే దాన్ని దాటించడానికి 49 మీటర్ల ఎత్తున మూడు వరసల కమానులు కట్టారు. కింది రెండు వరసల్లో సున్నం లేదు, రాయిమీద రాయి బరువుతోనే నిలబడింది. కొన్ని రాళ్ళు ఆరేసి టన్నులు.

అందరూ వంతెన దగ్గర ఫొటో దిగి వెళ్ళిపోతారు. మీరలా చెయ్యకండి. ఆ నీళ్ళు చివరికి ఎక్కడ పడ్డాయో కూడా చూడండి. నీమ్‌లో కాస్తెల్లుం అని ఒక గుండ్రటి రాతి తొట్టి ఉంది. వీధి పక్కనే, టికెట్ లేదు. గోడకి వరసగా పది బెజ్జాలు. ఒక్కోదాని నుంచి సీసపు గొట్టాలు ఊళ్ళోని పేటలకి వెళ్ళేవి. మన ఊళ్ళో వాటర్ ట్యాంకు కింద వాల్వులు తిప్పే చోటు ఉంటుంది చూడండి, అచ్చం అదే. పోన్ దు గార్ పొద్దున, కాస్తెల్లుం సాయంత్రం చూపిస్తే మీవాడికి కథ మొత్తం అర్థమవుతుంది.

నీమ్‌లో కాలిబాటల మీద చిన్న చిన్న కంచు బిళ్ళలుంటాయి, వాటిమీద తాటిచెట్టులాంటి చెట్టుకి కట్టేసిన మొసలి బొమ్మ. అది ఊరి చిహ్నం, రోమన్లు ఈజిప్టును గెలిచిన గుర్తుగా ఇక్కడ కొట్టిన నాణేల మీదిది. మీ పాపకి మొసళ్ళు లెక్కపెట్టే పని అప్పజెప్పండి, ఎండలో నడిచినట్టే తెలియదు.

అరటితొక్క, మార్చి 9

యాభై కిలోమీటర్లకి పన్నెండు మీటర్ల వాలు! మా అపార్ట్‌మెంట్ మేడమీద వాన నీళ్ళు పోవడానికి మేస్త్రి మూడుసార్లు వాలు తప్పించాడు.

లాకులపేట (టులూజ్), మార్చి 10

అన్నా, మీది రాజమండ్రా? మాది ధవళేశ్వరం. అయితే నేను చెప్పేది అమ్మగారి కోసం.

బెజియే ఊరికి తప్పకుండా వెళ్ళండి. కెనాల్ దు మిది అని టులూజ్ నుంచి మధ్యధరా సముద్రం దాకా 240 కిలోమీటర్ల కాలువ. 1666లో మొదలుపెట్టి 1681లో తెరిచారు. దాన్ని తవ్వించిన పియెర్ పాల్ రికే ఉప్పు పన్ను వసూలు చేసే గుత్తేదారు. ఇంజనీరు చదువు లేదు. సొంత డబ్బు కూడా అందులోనే పోసి, అది పూర్తవడానికి కొన్ని నెలల ముందు 1680లో చనిపోయాడు. బెజియే దగ్గర ఫోన్సెరాన్ అనే చోట లాకులు (నీళ్ళు నింపి, తీసి పడవని ఎక్కించి దించే తలుపుల తొట్లు) మెట్లు మెట్లుగా ఉంటాయి. మూడొందల మీటర్ల దూరంలో పడవ ఇరవై ఒక్క మీటర్లకు పైగా దిగుతుంది. లాకు గోడలు మనవాటిలా తిన్నగా ఉండవు, కోడిగుడ్డు ఆకారంలో బయటికి ఉబ్బి ఉంటాయి. మొదట్లో తిన్నగా కట్టిన గోడ ఒకటి మట్టి తోపుకి కూలిపోతే, అప్పట్నించి ఇలా వంపు తిప్పాడట రికే.

గట్టుమీద చెట్ల నీడ, కూర్చోవడానికి చోటు ఉంటాయి. అమ్మగారు కుర్చీ వేసుకుని గంటసేపు పడవలు దిగడం చూడొచ్చు. మన గోదారి కాలవల మీద పెరిగినవాళ్ళకి అది విడిగా వివరించక్కర్లేదు.

మెడిటరేనియన్‌మావయ్య (బార్సిలోనా), మార్చి 10

ఇంకొంచెం కిందికి రండి బాబూ, స్పెయిన్ సరిహద్దు దాటితే ఎంపూరియెస్ ఉంది. క్రీ.పూ. ఆరో శతాబ్దంలో గ్రీకులు దిగిన రేవు, క్రీ.పూ. 218లో రోమన్ సైన్యం ఇబేరియాలో (స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పం) మొదట కాలుపెట్టిందీ అక్కడే. శిథిలాలకి ఎదురుగానే బీచ్. పొద్దున మొజాయిక్ నేలలు చూసి, తువ్వాలు భుజాన వేసుకుని నీళ్ళలోకి నడిచి వెళ్ళిపోవచ్చు. గ్రీకులు కట్టిన రేవు గోడ ఇప్పటికీ ఇసుకలో నిలబడి ఉంది. 1992లో ఒలింపిక్ జ్యోతి గ్రీసు నుంచి ఓడలో వచ్చి దిగింది కూడా ఇక్కడే. చుట్టూ క్యాంప్ సైట్లు బోలెడు.

హాలండ్‌కోడలు, మార్చి 10

మావయ్య గారూ, ఎంపూరియెస్ బాగుంటుంది, కాదనను. కానీ పది రోజుల్లో స్టుట్‌గార్ట్ నుంచి రానూ పోనూ రెండ్రెండు రోజులు పోతే మిగిలేది ఆరే. అందులో మూడో మకాం పెడితే గుడారం విప్పడం కట్టడంతోనే సరిపోతుంది. చిన్నపిల్లలతో రెండు మకాములు చాలు.

నేనైతే ఇలా వేస్తాను. మొదటి మకాం గ్రో దు రువా చుట్టుపక్కల. అక్కణ్ణించి ఎగ్ మోర్ట్ కోట పది నిమిషాలు, రోమన్ కట్టడాలున్న నీమ్, ఆర్ల్ ఊళ్ళు గంటలోపు, పోన్ దు గార్ ఇంకాస్త ఎక్కువ. రెండోది వాల్రా వైపు. బెజియే, నార్బాన్ దగ్గర. ఒక రోజు చూడ్డం, ఒక రోజు సముద్రం. వరసగా రెండు రోజులు రాళ్ళు చూపిస్తే పిల్లలు తిరగబడతారు, అనుభవం మీద చెప్తున్నా.

బుక్ చేసేటప్పుడు ఒక హెచ్చరిక. ఆ తీరంలో, ముఖ్యంగా కాప్ ద అగ్ద్ దగ్గర, ‘నేచురిస్ట్’ అని రాసి ఉండే క్యాంపులుంటాయి. అది ప్రకృతి ప్రేమ అనుకుని బుక్ చేసేరు. అక్కడ ఎవరి ఒంటిమీదా బట్టలుండవు. మా తెలిసినవాళ్ళ కుటుంబం ఒకటి గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది, అత్తామామలతో సహా.

అరటితొక్క, మార్చి 10

ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన సమాచారం అంతటికీ ఇదొక్కటి సమానం.

నిద్రలేనిరాత్రి (ఫ్రాంక్‌ఫర్ట్), మార్చి 12

అందరూ బాగుందనే చెప్తున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను. మేం రెండేళ్ళ కింద జూలై నెలాఖరు శనివారం బయల్దేరాం. ఫ్రాన్స్‌లో సగం మంది ఆ రోజే సెలవులకి కదులుతారని మాకెవరూ చెప్పలేదు. లియాన్ నుంచి కిందికి కారు నత్తనడక. అక్కడి ప్రభుత్వమే ట్రాఫిక్ అంచనాకి పచ్చ, నారింజ, ఎరుపు, నలుపు రంగులిస్తుంది. మాది నల్ల శనివారం. రాత్రి పదిన్నరకి చేరితే రిసెప్షన్ మూసేసి ఉంది, గేటు దగ్గర కారులోనే పడుకున్నాం. మర్నాడు ఇచ్చిన స్థలంలో చెట్టు లేదు, నేల రాయి. మేకు దిగదు. కంప్లయింట్ ఇస్తే "సార్, ఇది పీక్ సీజన్" అన్నారు. దానికి తోడు దోమలు. అక్కడి రోన్ నది డెల్టా, కమార్గ్ అంటారు, అంతా చిత్తడి నేలలు, సాయంత్రమైతే మన కొల్లేరు గట్టే.

క్యాంపింగ్ చెడ్డదనడం లేదు. స్థలం నీడలో ఉందా, నేల ఎలాంటిది, రిసెప్షన్ ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది, ఈ మూడూ రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

పాతరాళ్ళు, మార్చి 12

కందిపొడి గారి సెలవులు జూన్ మొదట్లో కాబట్టి ఆ బాధ చాలావరకు ఉండదు. ఎండ కూడా మరీ మాడ్చదు. సముద్రం మాత్రం ఇంకా చల్లగానే ఉంటుంది, అమ్మగారిని ముంచకండి.

గాలి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. రోన్ లోయ నుంచి వచ్చేది మిస్త్రాల్, నార్బాన్ వైపు త్రామొంతాన్. ఆకాశం నీలంగా నిర్మలంగా ఉంటుంది, గాలి మాత్రం టెంటుని ఎగరేసుకుపోతుంది. ఇసుక నేలకి పొడవాటి మేకులు విడిగా కొనండి, టెంటుతో వచ్చే సన్న పుల్లలు పనికిరావు.

ఎగ్ మోర్ట్‌లో కాన్‌స్టాన్స్ బురుజు ఎక్కండి. 1248లో తొమ్మిదో లూయీ రాజు క్రూసేడు అనే మతయుద్ధానికి ఓడలెక్కిన ఊరు అది. కానీ నాకు నచ్చేది రాజు కథ కాదు. ప్రొటెస్టెంటు పాస్టరు చెల్లెలైనందుకు మారీ ద్యురాన్ అనే అమ్మాయిని 1730లో ఆ బురుజులో పెట్టారు. కాథలిక్కుగా మారతానంటే వదిలేస్తామన్నారు. ఆమె అనలేదు. 1768లో బయటికొచ్చింది, ముప్ఫై ఎనిమిదేళ్ళు! లోపల బావిగట్టులాంటి రాతి అంచుమీద చెక్కిన ఒక మాట ఉంది, ‘లొంగొద్దు’ అని అర్థం. ఆమే చెక్కిందని చెప్తారు. అద్దం కింద ఉంది, కాస్త వంగి చూడాలి.

ప్రభుత్వ పురావస్తు కట్టడాలకి 18 ఏళ్ళలోపు పిల్లలకి టికెట్ లేదు. ఈ బురుజూ గోడలూ, కార్కసోన్ కోటా ఆ లెక్కలోకి వస్తాయి.

కందిపొడి, మార్చి 13

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. మొదటి మకాం మొబైల్ హోమ్, రెండోది టెంటు అనుకుంటున్నాం. అమ్మకి ఎత్తుగా ఉండే మడత మంచం చూశాను. ఇప్పుడు వంట. కరెంటు 6 ఆంపియర్లు అని రాశారు. మా ఇండక్షన్ స్టవ్, రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్ తెచ్చుకోవచ్చా?

హాలండ్‌కోడలు, మార్చి 13

అయ్యయ్యో, ఆగండి. 6 ఆంపియర్లంటే 230 వోల్టుల మీద 1380 వాట్లు. మీ ఇండక్షన్ ఒక్కటే 2000 ఉంటుంది. స్విచ్ వేయగానే ట్రిప్ అవుతుంది. ట్రిప్ అయితే మీరు వెళ్ళి ఎత్తుదామన్నా చాలాచోట్ల ఆ డబ్బాకి తాళం, తాళంచెవి రిసెప్షన్ దగ్గర. రాత్రి పోయిందంటే పొద్దున్న దాకా చీకటే.

కుక్కర్ అడుగున చీటీ చూడండి, ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. ఏడెనిమిది వందలైతే నడుస్తుంది, కానీ అదొక్కటే. కూరకీ చారుకీ గ్యాస్ స్టవ్. నీలం క్యాంపింగ్ గ్యాస్ సిలిండర్లు అక్కడ ఏ పెద్ద సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతాయి. బొగ్గుల కుంపటి ఆలోచన వద్దు, ఎండలు ముదిరితే మంటల భయంతో నిషేధిస్తారు. ప్లగ్గు కూడా మామూలుది కాదు, నీలం రంగు మూడు పుల్లల గుండ్రటి ప్లగ్గు, దానికి అడాప్టరు కావాలి. వైరు కనీసం 20 మీటర్లు.

బియ్యం మూట మోసుకెళ్ళకండి. కమార్గ్‌లో వరి పండుతుంది. పొట్టిగా ఉంటాయి గింజలు, అన్నం కాస్త ముద్దవుతుంది. పులగానికీ పెరుగన్నానికీ బ్రహ్మాండం.

పాతరాళ్ళు, మార్చి 13

ఆ వరి వెనక కథ కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, ఫ్రెంచి పాలనలో ఉన్న వియత్నాం నుంచి కూలీలుగా తెచ్చినవాళ్ళతో అక్కడ వరిసాగుని మళ్ళీ నిలబెట్టారు. బస్తా మీద కొమ్ముల ఎద్దు బొమ్మ, గుర్రం బొమ్మ ఉంటాయి గానీ నాట్లేసినవాళ్ళ బొమ్మ ఉండదు.

లాకులపేట, మార్చి 14

ఇంకొక్కటి మర్చిపోయా. బెజియే నుంచి నార్బాన్ పోయే దారిలో ఎన్సెరూన్ కొండ ఉంది. రోమన్ల కన్నా ముందున్న ఊరి శిథిలాలు. పైనించి కిందికి చూస్తే మోంతాది అనే పాత చెరువు కనిపిస్తుంది. 1247లో దాన్ని ఎండగట్టి పొలాలు చేశారు. నీళ్ళు తీయడానికి తవ్విన బోదెలన్నీ మధ్యలో ఒక్క చోటికి చేరతాయి. పొలాలు సూర్యకిరణాల్లా, కోసిన నారింజ తొనల్లా ఉంటాయి. వ్యవసాయ కుటుంబమైతే అమ్మగారిని అక్కణ్ణించి కదిలించలేరు.

కందిపొడి, జూన్ 17

వచ్చేశాం. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, ఉతకాల్సిన బట్టలు ఇంకా సగం కారులోనే ఉన్నాయి.

పోన్ దు గార్ దగ్గర మావాడు పది నిమిషాలు మాట్లాడలేదు, అది మా ఇంట్లో రికార్డు. తర్వాత నదిలో దిగి ఆ కమానుల కిందే రెండు గంటలు ఈదాడు. కాస్తెల్లుం చూసి "అంత పెద్ద వంతెన ఇంత చిన్న తొట్టి కోసమా" అన్నాడు. పాప 43 మొసళ్ళు లెక్కపెట్టింది. అందులో కొన్ని లెక్కపెట్టినవే మళ్ళీ లెక్కపెట్టిందని వాడి ఫిర్యాదు. ఆర్ల్ వెళ్ళలేదు, ఓపిక లేకపోయింది.

స్విమ్మింగ్ డ్రాయర్ మాట నిజం. వాడికి కొన్నాను, నాకు కొనలేదు. మూడు రోజులు గట్టుమీదే కూర్చున్నాను.

ఎగ్ మోర్ట్ బురుజు మెట్లు అమ్మ ఎక్కలేదు. కింద నీడలో కూర్చోబెట్టి మేం ఎక్కాం. దిగాక ఆ అమ్మాయి కథ చెప్తే, "అన్నేళ్ళూ ఆవిడకి అన్నం ఎవరు పెట్టారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

వాల్రాలో రెండో రాత్రి త్రామొంతాన్ లేచింది. పాతరాళ్ళు గారు చెప్పిన పొడవు మేకులు కొన్నాను, కానీ ఎనిమిదే కొన్నాను. పన్నెండు కావాలి. అర్ధరాత్రి రెండింటికి లుంగీ బిగించి ఒక మూల గుంజ పట్టుకుని నేను, ఇంకో మూల మా ఆవిడ. పిల్లలు నిద్రలోనే ఉన్నారు. అమ్మ మడత మంచంమీద లేచి కూర్చుని, దివిసీమ ఉప్పెన నాటి గాలి గురించి మొదలుపెట్టింది. పక్క టెంటు డచ్చి పెద్దాయన సుత్తి, నాలుగు మేకులు పట్టుకుని వచ్చాడు. ఏమీ మాట్లాడలేదు, కొట్టి వెళ్ళిపోయాడు. పొద్దున్నే ఆయనకి ఉప్మా పంపించాం.

లాకులపేట తమ్ముడూ, నీకు ప్రత్యేకంగా. ఫోన్సెరాన్‌లో గంటన్నర కూర్చున్నాం. లాకులో నీళ్ళు దిగుతుంటే తడిసిన గోడమీద నాచు చారలు బయటపడుతున్నాయి, పడవ మెల్లిగా లోతుకి పోతోంది, పడవలోనివాళ్ళు తాడు వదులుతూ ఉన్నారు. అమ్మ అది చూసి, చిన్నప్పుడు వాళ్ళ నాన్న ధవళేశ్వరంలో లాంచీ ఎక్కించిన సంగతి చెప్పింది. లాకు తలుపులు తెరిచేదాకా జీళ్ళు అమ్మేవాళ్ళట. ఈ సంగతి నేనెప్పుడూ వినలేదు. మోంతాది దగ్గర మాత్రం కళ్ళు చికిలించి చూసి, "ఏం పంట వేశారో కనబడట్లేదురా" అని కారెక్కేసింది.

అరటితొక్క, జూన్ 17

హోటల్ అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఉప్మా మాట విన్నాక.

హాలండ్‌కోడలు, జూన్ 18

అంతా బాగానే ఉంది గానీ కరెంటు సంగతి దాటేశారు. ట్రిప్ అయిందా లేదా?

కందిపొడి, జూన్ 18

టెంటు వేసిన మొదటి రోజే అయిందండీ. కుక్కర్ 700 వాట్లే, దానికే నడిచింది. టీ కోసమని అమ్మ పక్కనే కెటిల్ పెట్టేసింది. అన్నం సగం ఉడికి ఆగింది, డబ్బాకి తాళం. ఆ రాత్రి బ్రెడ్డులో ఆవకాయ.